బాంటమ్ పిల్లలతో పాటు కొన్న వెచ్చని పెట్టె: ఎనిమిది నెలల తరువాత

ఒంగోలు గిత్తకూ నెల్లూరు జుడిపి గొర్రెకూ పేరుపడ్డ ఈ ప్రాంతంలో, గుప్పిట్లో ఇమిడే పొట్టి కోడిపిల్లలను ముచ్చటపడి పెంచుతానని చెబితే నవ్వనివారు తక్కువ. మా వీధిలో కోడి అన్నది కూరకైనా పనికిరావాలి, సంక్రాంతి బరికైనా పనికిరావాలి. బాంటమ్ అనే ఈ పొట్టి కోడి ఆ రెండింటికీ చాలదు. అయినా నిరుడు నవంబరులో నెల్లూరు శివార్లలోని ఒక చిన్న హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే చోటు) నుంచి దూదిలాంటి ఈకలుండే సిల్కీ జాతి పిల్లలను ఆరు, కొచ్చిన్ అనే మరో జాతి బాంటమ్ పిల్లలను నాలుగు, వాటితో పాటు వారే ‘పిల్లల కిట్’ అని అమ్ముతున్న సరంజామాను కొన్నాను. సిల్కీ పిల్ల 300 రూపాయలు, కొచ్చిన్ పిల్ల 250, కిట్ 3,700. మొత్తం 6,500 రూపాయలు అయింది. కిట్‌లో ప్లైవుడ్ పెట్టె ఒకటి, రెండు 60 వాట్ల బల్బులు, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే చిన్న థర్మోస్టాట్, మేత తొట్టి, నీళ్ల డబ్బా, పసిపిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా 5 కిలోలు, ఒక అచ్చు కాగితం, అరవై రోజులపాటు ఫోనులో సలహా ఉన్నాయి. హేచరీ పేరు రాయడం లేదు. ఈ సమీక్షలో మెప్పు ఎంత ఉందో ఫిర్యాదూ అంతే ఉంది, దానికి వారు జవాబు చెప్పుకునే వీలు ఇక్కడ లేదు.

ముందుగా పిల్లలను అప్పగించిన పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడే వారిమీద నాకు నమ్మకం కుదిరింది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలోనూ కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్ ఫ్లూ బయటపడిన నాటి నుంచి తాము కొనుగోలుదారులను షెడ్డు లోపలికి రానివ్వడం లేదని గేటు దగ్గరే చెప్పారు. బండి చక్రాలమీద మందు చల్లి, బయట వేసిన బల్ల మీదికి పిల్లలను తెచ్చి చూపించారు. ఒక్కొక్క పిల్లనూ వెల్లకిలా తిప్పి, అది వెంటనే లేచి నిలబడుతున్నదో లేదో చూపడం, బొడ్డు ఆరిందా, వెనుక భాగం శుభ్రంగా ఉందా, కాలివేళ్లు తిన్నగా ఉన్నాయా అని నన్నే చూసుకోమనడం నాకు నచ్చింది. సిల్కీకి మామూలు కోడిలా నాలుగు కాక ఐదు వేళ్లుంటాయని, అది అవిటితనం కాదని కూడా అప్పుడే చెప్పారు. సిల్కీని అమెరికాలో బాంటమ్‌గా లెక్కిస్తారు, బ్రిటన్‌లో పెద్ద జాతులలో చేర్చారు. మన దగ్గర అమ్మేవారు ఆ తగువు జోలికి పోకుండా ‘పొట్టి కోడి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. బాంటమ్ అన్న పేరు జావా దీవిలోని బాంటెన్ రేవు నుంచి వచ్చింది.

ఇక పెట్టె సంగతి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, పైన జల్లెడ మూత. చూడడానికి పొందికగా, చేతిపని చక్కగా ఉంది. దోషమంతా లోపలి అమరికలో ఉంది. రెండు బల్బులూ మూతకు సరిగ్గా నడిమధ్యన వేలాడుతున్నాయి. థర్మోస్టాట్ తీగ చివర ఉండే, వేడిని కొలిచే మొన కూడా బల్బులకు జానెడు దూరంలో, పిల్లలకు అందనంత ఎత్తులో మేకుతో బిగించి ఉంది. అచ్చు కాగితంలో ‘మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించండి’ అని ఉంది. ఆ లెక్క సరైనదే. కానీ ఆ 35 డిగ్రీలు పిల్ల వీపు ఎత్తులో ఉండాలి గాని పెట్టె కప్పు దగ్గర కాదు. బల్బుకు దగ్గరగా ఉన్న మొన తొందరగా వేడెక్కి, కింద నేల ఇంకా చల్లగా ఉండగానే కరెంటును ఆపేస్తుంది. బల్బులు ఆరినప్పుడల్లా వేడితో పాటు వెలుతురు కూడా పోతుంది. ఒక్కసారిగా చీకటి కమ్మితే పిల్లలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి.

మొదటి రాత్రి ఇదే జరిగింది. తెరమీద అంకె 35 చూపుతూనే ఉంది, పిల్లలు మాత్రం గుంపుగా ముద్ద కట్టి, గదవతలికి వినిపించేంత గట్టిగా, ఆగకుండా కీచుమంటున్నాయి. కొత్త చోటు కదా, తల్లి లేదు కదా, అందుకే ఏడుస్తున్నాయని నాకు నేనే నచ్చజెప్పుకుని పడుకున్నాను. తెల్లవారేసరికి ఒక సిల్కీ పిల్ల గుంపు అడుగున నలిగి చచ్చిపోయి ఉంది. అప్పుడు ఇంట్లో ఉన్న మామూలు థర్మామీటరును పెట్టె అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో పెట్టి చూస్తే 29 డిగ్రీలు ఉంది. తప్పు పెట్టెదే అయినా, పిల్లలు గొంతు చించుకుని చెబుతున్న మాటను కాదని అంకెను నమ్మిన తప్పు నాది. నాటు కోడిపిల్ల ఆ చలిని కొంతసేపు ఓర్చుకునేదేమో. బాంటమ్ పిల్ల ఒంటి బరువు దానికన్నా బాగా తక్కువ, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందువల్ల ఒంటి వేడి త్వరగా జారిపోతుంది. పొట్టి కోళ్ల కోసమే ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పి అమ్మే పెట్టెలో ఈ ఒక్క విషయం పట్టించుకోకపోవడం చిన్న లోపం కాదు.

మరునాడు పెట్టెను నేనే మార్చుకున్నాను. బల్బులు రెండూ ఒక కొసకు జరిపి, థర్మోస్టాట్ మొనను కిందికి దించి, పిల్లల వీపు ఎత్తులో పక్క చెక్కకు కట్టాను. రెండవ కొసను చల్లగా వదిలేసి మేత, నీళ్లు అక్కడ పెట్టాను. బల్బులు ఆరినా మరీ చీకటి కాకుండా ఎర్రని చిన్న దీపం ఒకటి విడిగా వెలిగించి ఉంచాను. కరెంటు పని తెలిసినవారికి ఇది గంట పని. ఆ పైన అంకెను చూడడం తగ్గించి పిల్లలను చూడడం మొదలుపెట్టాను. చలిగా ఉంటే బల్బు కింద ముద్దగా చేరి గట్టిగా అరుస్తాయి. వేడెక్కువైతే బల్బుకు దూరంగా గోడల వెంట చేరి, రెక్కలు వేలాడవేసి, నోళ్లు తెరిచి ఒగరుస్తాయి, అరుపు కూడా ఉండదు. అన్నీ కలిసి ఒకే మూలకు నక్కితే ఎదుటి పక్కనుంచి గాలి కొడుతున్నట్టు. వేడి సరిగ్గా కుదిరినప్పుడు చిందరవందరగా పెట్టె అంతటా పరుచుకుని, కొన్ని మేస్తూ, కొన్ని కాళ్లు చాచి పక్కకు ఒరిగి నిద్రపోతూ, లోలోపల గొణుక్కుంటున్నట్టు సన్నని కిచకిచలు చేస్తాయి. అలా మెడ వాల్చి పడుకున్న పిల్లను చూసి చచ్చిపోయిందనుకుని నేను రెండుసార్లు తట్టి లేపాను; అది విసుక్కుని లేచి మళ్లీ పడుకుంది. ఈ నాలుగు వాక్యాలు ఆ అచ్చు కాగితంలో ఉండి ఉంటే, థర్మోస్టాట్ లేకపోయినా నాకు పెద్ద నష్టం ఉండేది కాదు.

పెట్టె అడుగున పరిచిన నున్నటి ప్లాస్టిక్ పళ్లెం రెండవ దోషం. కడగడానికి సులువేగాని, దానిమీద పిల్ల కాలు ఆనదు. మూడవ రోజుకు ఒక కొచ్చిన్ పిల్ల కాళ్లు రెండూ చెరో పక్కకు జారి, లేవలేక పాకడం మొదలుపెట్టింది. రెండు కాళ్లనూ సహజంగా నిలబడే దూరంలో ఉంచి, మెత్తని ప్లాస్టరు పట్టీతో వదులుగా కలిపి కట్టి, అడుగున గోనెపట్టా పరిస్తే నాలుగు రోజులకు సర్దుకుంది. ఆలస్యం చేస్తే ఎముకలు అలాగే గట్టిపడి అవిటిదై ఉండేది. వార్తాపత్రిక కాగితం పరిచినా ఇదే ఇబ్బంది వస్తుంది. వడ్లు పండే జిల్లాలో ఊకకు కొదవ లేదు కనుక రెండంగుళాల మందాన ఊక పోసి, పిల్లలు దాన్నే మేతనుకుని తినకుండా మొదటి మూడు రోజులు పైన పాత గుడ్డ కప్పితే సరిపోతుంది.

కరెంటు పోతే ఏం చేయాలో కాగితంలో ఒక్క మాట లేదు. నవంబరు, డిసెంబరు నెలలు మన తీరానికి వాయుగుండాల కాలమని ఇక్కడే వ్యాపారం చేసేవారికి నేను చెప్పనక్కర లేదు. రెండవ వారంలో ఒక వాన రాత్రి అయిదు గంటలపాటు కరెంటు లేదు. కుంపట్లో బొగ్గులు పోసి పెట్టె పక్కన పెడదామనుకున్నాను. మూసిన గదిలో ఆ పొగకు పిల్లలతో పాటు మనుషులకూ ముప్పే కనుక మానుకున్నాను. పక్కింటి అవ్వ వచ్చి “రెండు సీసాల్లో వేణ్ణీళ్లు పోసి గుడ్డ చుట్టి పెట్టు నాయనా, పైన గంప కమ్మి గోనె కప్పు, గాలాడను కొంచెం సందు వదులు” అంది. గంటన్నరకొకసారి నీళ్లు మారుస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. తొమ్మిది పిల్లలూ నిలిచాయి. మరొక చిన్న చిక్కు: ఒక బల్బు కాలిపోతే మరొకటి కొనడానికి ట్రంకు రోడ్డులో నాలుగు దుకాణాలు తిరగవలసి వచ్చింది. ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుంది గాని పిల్లకు సరిపడా వేడినివ్వదు. పాతకాలపు తీగ బల్బులను దుకాణాలవారు తెప్పించడం తగ్గించేశారు. కొనేటప్పుడే రెండు అదనంగా అడిగి తెచ్చుకోవడం మేలు.

నీళ్ల డబ్బా పెద్ద కోడిపిల్లలకు చేసింది. దాని అంచు వెడల్పుగా, లోతుగా ఉండి బాంటమ్ పిల్ల లోపల పడితే మునిగిపోయేలా ఉంది. అంచులో గులకరాళ్లు నింపి వాడాను. మేత తొట్టిపై ఫిర్యాదు లేదు. దాణాపై ఉంది: 5 కిలోలు ఏ చీటీ లేని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చారు. ఏ కంపెనీది, ఎప్పుడు తయారైంది, మాంసకృత్తులు ఎంత శాతం, రక్తపారుడు రాకుండా మందు కలిపారా లేదా అన్నది తెలిసే దారి లేదు. పొట్టి కోడిపిల్లలు తినేది చాలా కొద్ది. వాన తేమకు మూడవ వారంలోనే దాణాకు ముక్కవాసన వచ్చింది. బూజు పట్టిన దాణా పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది కనుక సగం పైగా పారబోసి, చీటీ ఉన్న సంచి చూసి రెండు కిలోలు కొత్తగా కొన్నాను. పలుకులు కొంచెం పెద్దవిగా ఉన్నందున మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పెట్టాను. మా ఇంటికి వచ్చినవారందరూ నూకలు చాలవా అని అడిగారు. నూకల్లో బలం ఉన్నమాట నిజమే, కానీ వారాల వయసు పిల్లకు కావలసిన 20 శాతం మాంసకృత్తులు వాటిలో లేవు. నూకలమీదే పెంచితే ఈకలు సరిగా రావు.

ఈ కిట్‌లో నిజంగా డబ్బుకు తగినది ఏదంటే ఫోను సలహా. పదకొండవ రోజు రాత్రి పెట్టెలో ముదురు గోధుమ రంగులో జిగటగా, భరించలేని వాసనతో రెట్ట కనిపించి, రక్తమే అనుకుని వెంటనే ఫోను చేశాను. ఫోటో పంపమని అడిగి చూసి, అది పెద్దపేగు మొదట్లోని సంచుల నుంచి వచ్చే రెట్ట అని, ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా రోజులో చాలాసార్లు వేసే మామూలు రెట్టల మధ్య ఇలాంటిది అప్పుడప్పుడు వేస్తుందని, పిల్ల చురుకుగా తింటున్నప్పుడు దానికి మందు వద్దని చెప్పారు. అమ్మేవాడికి మందు అమ్ముకునే అవకాశం ఉండి కూడా వద్దన్నాడంటే గౌరవించాలి. అలాగే వెనుక భాగంలో రెట్ట ఎండి అతుక్కుపోయిన పిల్లను, లాగితే చర్మం ఊడుతుందని, గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో నానబెట్టి తుడిచి, ఆరబెట్టాకనే గుంపులో వదలమని చెప్పింది కూడా వారే. ఆ దారి మూసుకుపోతే పిల్ల ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. మొదటి వారం పది రోజులు పొద్దున్నే ఒక్కొక్క పిల్లనూ తిప్పి చూడడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

నాలుగవ వారంలో అసలు రక్తపారుడు వచ్చింది. రోజుల తరబడి ముసురు పట్టి ఊక తడిసి ముద్దయింది, నేను బద్ధకించి మార్చలేదు. రెండు పిల్లలు ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, రెక్కలు వేలాడేసి మూలన నిలబడ్డాయి. రెట్టలో ఎర్రని రక్తం స్పష్టంగా ఉంది. ఈసారి ఫోను చేస్తే హేచరీ యజమాని మందు మోతాదు ఫోనులో చెప్పనని, రెట్టను చిన్న డబ్బాలో పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లమని అన్నారు. అక్కడ పరీక్షించి కాక్సీడియోసిస్ (పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే రక్తపారుడు) అని చెప్పి నీళ్లలో కలిపే ఆంప్రోలియం రాసిచ్చారు. ఆ మందు వాడుతున్నన్నాళ్లు బి-విటమిన్ల టానిక్ ఆపమని కూడా చెప్పారు. ఆంప్రోలియం ఆ పరాన్నజీవికి థయమిన్ (బి1 విటమిన్) అందకుండా చేసి దాన్ని చంపుతుంది. మనం థయమిన్‌ను పైనుంచి పోస్తే మందు పనితనం తగ్గిపోతుంది. ‘బలానికి’ అని ప్రతి మందుతోనూ టానిక్ కలిపి తాగించే మన అలవాటుకు ఇది గట్టి దెబ్బ. తడి, వెచ్చదనం కలిస్తే రెట్టలో పడిన ఆ క్రిమి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే సోకే స్థితికి వస్తాయి, మామూలు ఫినాయిలుకు చావవు. అందుకే ఊక పొడిగా ఉంచడమే అసలు మందు. ఆ రెండు పిల్లలూ బతికాయి.

కోళ్లకు సోకే కొక్కెర తెగులు (రాణీఖెత్ వ్యాధి) టీకా విషయంలో కిట్ సాయపడలేదు, అయితే ఆ తప్పు ఒక్క వారిది కాదు. ఏడవ రోజున కంట్లో ఒక్క చుక్క వేసే లసోటా టీకా సీసా వందల డోసులలో దొరుకుతుంది. కలిపిన రెండు గంటలలోపు వాడేయాలి, అంతవరకు ఐసులో ఉంచాలి. తొమ్మిది పిల్లల కోసం సీసా పగలగొట్టడం ఎవరికీ గిట్టదు. మా వీధిలో నాటు కోళ్లున్న ఇళ్లన్నీ తిరిగి, ఒకే ఉదయం అందరి పిల్లలకూ వేయించే ఏర్పాటు చేశాను. నా పిచ్చిని చూసి నవ్విన వారిలో ముగ్గురు ఆ రోజు తట్టలు పట్టుకుని ముందుగా వచ్చారు.

ఇక పెద్ద ఫిర్యాదు. అచ్చు కాగితం చివర ‘పిల్లలకు టీకాలు వేయబడినవి’ అని ఒక వాక్యం ఉంది. ఒకరోజు వయసు పిల్లకు హేచరీలో సాధారణంగా వేసేది మారెక్స్ వ్యాధి (కోళ్ల కాళ్లు పడిపోయేలా చేసే వైరస్ జబ్బు) టీకా కనుక, అదే వేసి ఉంటారని నేను అనుకున్నాను. పద్నాలుగవ వారంలో ఒక సిల్కీ పెట్ట కుంటడం మొదలుపెట్టి, వారం తిరిగేసరికి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోయింది. తిండి మాత్రం నోటి దగ్గర పెడితే తినేది. లక్షణాలను బట్టి మారెక్స్ కావచ్చని పశువైద్యులు అన్నారు. దానికి మందు లేదు. పన్నెండు రోజులకు పోయింది. సిల్కీలు ఈ వ్యాధికి మరీ తేలికగా లొంగుతాయని నిపుణులు చెబుతారు, అందుచేత సిల్కీ పిల్లలను అమ్మేవారికి ఈ టీకా ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు ఉండదు. హేచరీవారిని అడిగితే, తాము ఒక విడతకు తీసేది అరవై డెబ్బై పిల్లలని, వెయ్యి డోసుల సీసా గిట్టుబాటు కాక మారెక్స్ వేయడం లేదని, ఆ వాక్యం మరొకరి కాగితం నుంచి దించుకున్నదని ఒప్పుకున్నారు. వేయలేకపోవడాన్ని నేను అర్థం చేసుకోగలను, వేశామని అచ్చు వేయడాన్ని ఒప్పుకోలేను. బదులుగా ఉచితంగా మరో పిల్లను ఇస్తామన్నారు, వద్దన్నాను. ఆ వైరస్ ఈకల కుదుళ్లనుంచి రాలే పొట్టులో చేరి దుమ్ములో నెలల తరబడి ఉంటుంది. టీకా లేని పసిపిల్లను తెచ్చి నా గూట్లో వదలడమంటే తెలిసి తెలిసి రోగం ముందు పెట్టడమే.

ప్రవర్తన గురించి కాగితంలో రాసిన ఒకే ముక్క ‘పిల్లలు కొట్లాడుకుంటే వేరు చేయండి’ అన్నది. దాన్ని పాటించనందుకు సంతోషిస్తున్నాను. రెండు మూడు వారాల వయసులో రెండు పిల్లలు మెడలు నిక్కించి, రొమ్ములు తాకించుకుని ఎగిరి దిగడం వాటి ఆట. పెద్దా చిన్నా తేల్చుకోవడం. నెత్తురు కనిపిస్తే తప్ప వేలు పెట్టకూడదు. ఒకదాన్ని తీసి రెండు రోజుల తరువాత తిరిగి వదిలితే అది పరాయిదై, తగువు మొదటికొస్తుంది. కాలివేళ్లను, తోక ఈకలను పొడుచుకోవడం మాత్రం వేరు సంగతి: అది ఇరుకుకో, వేడికో, మితిమీరిన వెలుతురుకో గుర్తు. తెల్లబల్బును పగలూ రాత్రీ వెలిగిస్తే పొడుచుకోవడం పెరిగింది, ఎర్ర దీపం పెట్టి తోటకూర కట్ట ఒకటి వేలాడదీస్తే తగ్గింది. సిల్కీలను మాత్రం కాస్త ఎక్కువ కాపాడాలి. కుచ్చు ఈకలు కళ్లకు అడ్డం పడి పైనుంచి వచ్చేది కనబడదు. చాలా సిల్కీలకు నడినెత్తిన కపాలం పూర్తిగా మూసుకోదు, అక్కడ ఒక పోటు తగిలితే మెడ మెలిపడిపోవచ్చు. వాటి ఈక నీటిని జార్చదు, వానలో తడిస్తే తడిసిన దూదిలా ఒంటికి అంటుకుని చలికి వణికిపోతాయి. పెరట్లో వదిలేటప్పుడు నీడా, చూరూ రెండూ ఉండాలి.

ఈ ఎనిమిది నెలల అనుభవం మీద నా తీర్పు ఇది. పిల్లల ఎంపికకూ అప్పగింతకూ అయిదుకు నాలుగు, ఫోను సలహాకు పూర్తి అయిదు, పెట్టెకు రెండు, దాణాకు ఒకటి, అచ్చు కాగితానికి ఏమీ ఇవ్వను. పిల్లలను మళ్లీ అక్కడే కొంటాను, కానీ మారెక్స్ టీకా వేసిన విడత అయితేనే. పెట్టెకు పెట్టే డబ్బుతో అట్టపెట్టె, సిరామిక్ హోల్డరు, రెండు తీగ బల్బులు, ఒక మంచి థర్మామీటరు కొనుక్కుంటే డబ్బు మిగులుతుంది కూడా. నేను రాసిన ఫిర్యాదు చదివి వారు ‘టీకాలు వేయబడినవి’ అన్న వాక్యాన్ని మిగిలిన కాగితాలన్నిటిలో పెన్నుతో కొట్టేశారని, థర్మోస్టాట్ మొనను కిందికి దించి బిగిస్తున్నారని గత నెలలో అక్కడ కొన్న మిత్రుడు చెప్పాడు. ప్లాస్టిక్ పళ్లెం మాత్రం అలాగే ఉందట. నా దగ్గర మిగిలిన ఎనిమిదింటిలో ఒక సిల్కీ పెట్ట పది రోజుల కిందట పొదుగుకు కూర్చుంది. పక్కింటి అవ్వ తెచ్చిన నాలుగు నాటు గుడ్లను దానికింద పెట్టి, పెట్టెకు కరెంటు తీగ ఊడదీసి, అందులోనే చోటిచ్చాను.